ఎనిమిది బ్యాటరీల బరువు

మా వంటింట్లో బియ్యం తూచే కాటా మీదికి వారం రోజులుగా బియ్యం తప్ప అన్నీ ఎక్కుతున్నాయి. మా ఆయన కెమెరాలను లెన్సుతో ఒకసారి, లెన్సు లేకుండా ఒకసారి, మెడపట్టీతో మరోసారి తూచి క్యాలెండరు వెనకాల రాసుకుంటున్నారు. కాటాకి చోటివ్వడానికి, చారులో కలిపే మిసో ముద్ద డబ్బాను పక్కకి జరపడం నా ఉద్యోగం.

వసంతంలో వచ్చిన చిన్నపాటి పక్షవాతం ఆయన కుడి మణికట్టు బలాన్ని సగం పట్టుకుపోయింది. చూపుడువేలికి స్పర్శ కూడా అంతంత మాత్రమే. ఆదివారం గుడి ఉత్సవం. దేవుడి పల్లకిని భుజాన వేసుకుని మా వీధిలో వచ్చేవాళ్ళను ముప్పై ఒక్క ఏళ్ళుగా ఫోటో తీస్తున్నది ఈయనే. మోసిన ప్రతి మనిషి ఇంటికీ వెళ్ళి ప్రింటు ఇచ్చి రావడం ఈయన పెట్టిన అలవాటే.

ఈసారి వీధి సంఘం వాళ్ళు వచ్చి, "తొకునాగా గారూ, మీరు విశ్రాంతి తీసుకోండి. ఎవరో ఒకరు ఫోన్లో తీసేస్తారు లెండి," అన్నారు. మావాళ్ళు కత్తిని కూడా రెండు చేతులతో, తలవంచి అందిస్తారు. "నేనే తీస్తాను," అన్నారు ఈయన.

అప్పటినుంచీ ఈ తూకాలు. ఇంట్లో ఉన్నది పత్రికలవాళ్ళు వాడే పెద్ద ఫిల్మ్ కెమెరా. బ్యాటరీలతో కలిపి కిలో నాలుగు వందలు. నకానో పేటలో కురొసాకా గారి పాత కెమెరాల కొట్లో ఇంకొకటి ఉంది. ఆరు వందల గ్రాములే. ఈయన కోసం దాన్ని శనివారం దాకా ఎవరికీ అమ్మకుండా ఉంచుతానన్నారాయన.

"ఆ తేలికదే తెచ్చుకోండి," అన్నాను.

"సుమియే, అది చేతిలో ఉన్నట్టే ఉండదు. నిలువుగా తిప్పితే పట్టుకోడానికి పిడి లేదు. బరువుంటేనే కెమెరా వణకదు."

"వణకదు. కింద పడుతుంది."

"నీ నోరు తూచాలి ముందు."

నవ్వాను గానీ, తర్వాత తలుపు సందులోంచి చూశాను. కిటికీ వైపు తిరిగి పెద్దదాన్ని ఎత్తుతున్నారు. ఛాతీ దాకా వచ్చి ఆగిపోయింది. మళ్ళీ ఎత్తారు. మళ్ళీ అక్కడే.

శుక్రవారం ఆయన స్నానానికి వెళ్ళగానే అందులోని ఎనిమిది బ్యాటరీలూ తీసి ఏప్రన్ జేబులో వేసుకున్నాను. దాదాపు రెండు వందల గ్రాములు తగ్గింది. ఒక్కసారి కంటిదాకా వెళ్తే మనసు కుదుటపడుతుంది, సాయంత్రం మళ్ళీ పెట్టేద్దామనుకున్నాను. భర్త ధైర్యాన్ని గ్రాముల్లో కొలిచిన ఇల్లాలిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఆయన వచ్చి ఎత్తారు. వెళ్ళింది! కంటిదాకా వెళ్ళింది. ముల్లంగి తరుగుతూ నాలో నేనే మురిసిపోయాను. కాసేపటికి తిరిగి చూస్తే కెమెరాను బల్లమీద పెట్టి ఫోను చేస్తున్నారు.

"కురొసాకా గారూ, ఆ కెమెరా ఇంకెవరికైనా ఇచ్చేయండి. లేదు, బరువు సంగతి కాదు. వేలు. నొక్కుతున్నానండీ, షటర్ పడటం లేదు."

ఫోను పెట్టేసేసరికి నేను బ్యాటరీలన్నీ బల్లమీద పోశాను.

"ఏమండీ, వేలు కాదు. ఇవి."

"ఎందుకు తీశావు?"

"తేలికవుతుందని."

తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. నలభై ఏళ్ళు, కెమెరా పలక్కపోతే ముందు బ్యాటరీని అనుమానించిన మనిషి, ఇవాళ ముందుగా తన వేలినే అనుమానించారు. ఆ బ్యాటరీలను చూస్తూ కూర్చున్నారు.

నేనే ఫోను చేశాను.

"అయ్యో, అమ్మా!" అన్నారు కురొసాకా గారు. "ఒకాయన నాలుగు రోజుల్నుంచి దానికోసమే తిరుగుతున్నాడు. మీ ఆయన ఫోను చేసినప్పుడు కొట్లోనే ఉన్నాడు, వెంటనే పట్టుకెళ్ళిపోయాడు. క్షమించండి, క్షమించండి."

నేనూ క్షమించమన్నాను. ఇద్దరం చెరో పదిసార్లు క్షమాపణలు చెప్పుకున్నాం. అన్ని క్షమాపణలకూ ఒక్క కెమెరా వెనక్కి రాలేదు.

నేను ఫోను పెట్టి తిరిగేసరికి ఆయన బ్యాటరీలు ఒక్కొక్కటే లోపల పెడుతున్నారు. రెండు కింద పడ్డాయి. వంగి తీసిచ్చాను. ఫిల్మ్ కూడా ఆయనే ఎక్కించి, రెండు చేతులతో ఎత్తారు. ఛాతీ దగ్గరే ఆగింది. అక్కడినుంచి మెల్లగా కిందికి దిగుతోంది.

వేలు నొక్కింది. షటర్ పడింది. ఎంత చక్కగా పడిందో!

లెన్సు మాత్రం నా ఇంటిచెప్పుల వైపు చూస్తోంది.

"కదలకు," అన్నారు.

ఫిల్మ్ అయిపోయేదాకా నొక్కుతూనే ఉన్నారు. నేను కదల్లేదు.