టీవీలో ఆంజినమ్మ చెప్పిన మాట

మా ఆయన గంగప్పకు రెండు చెవులుండాయి. రెండూ గొర్రెలకే. మందలో ఒక పిల్ల అరిస్తే అది ఏ తల్లిదో చెప్తాడు. నేను పక్కన నిలబడి మొత్తుకున్నా పట్టదు. "ఊఁ" అంటాడు, తువాలు దులుపుకుని లేచి పోతాడు.

ఈ ఏడు వాన మోసం చేసె. మా యాడికి ఊరి పక్క చేన్లన్నీ ఎండిపాయె. శ్రావణంలోనే మా ఆయనా, జతగాడు నాగప్పా మందలు కలుపుకుని కాలవ కింది ఊర్లకు మేపుకు తోలుకుపోయినారు. పోతే నెలల తరబడి రారు. ఇంట్లో నేనూ, మా అత్త లక్ష్మీదేవమ్మా. గాలికి తలుపు కొట్టుకున్నా గుండె జల్లుమంటాది.

అందుకే నేనొక పని చేసినా. బోరుకాడ అరెకరంలో డ్రిప్పు వేసి గడ్డి నాటినా. నీళ్ళు సన్నగా వచ్చినా గడ్డి నడుమెత్తు లేచె. ఆ గడ్డీ, దాచిన ఎండు శెనక్కాయ తీగల కట్టే ఉంటే మా గొర్రెలకు చాలు, మొగోడు ఊరు విడిచి పోనక్కర్లేదు. ఈ మాట ఫోన్లో ఎన్నిసార్లు చెప్పినానో! "సిగ్నల్ లేదే" అని పెట్టేస్తాడు. ఒకసారి మాత్రం విని, "ఆడదానికి గొర్రెల సంగతి ఏం తెలుసు" అనె. నాకు ఒళ్ళు మండిపాయె.

అంతలో టీవీవాళ్ళు రైతుల కార్యక్రమం తీయనీకి మా ఊరొచ్చి, పచ్చగా కనపడిందని నా మడికాడ ఆగినారు. మైకు నోటికాడ పెడితే ఊరుకుంటానా? ఉన్నదంతా చెప్పేసినా. కేబుల్ ఓబులేష్‌ను పట్టుకుని, టీవీ డబ్బాకు పెన్‌డ్రైవ్ గుచ్చి రికార్డు చేసేది నేర్చుకున్నా. కార్యక్రమం వచ్చిన పొద్దు ఊరంతా చూసె, నేను రికార్డు చేసి పెట్టుకున్నా. ఫోన్లో వినని మనిషి టీవీలోనన్నా వింటాడేమో అని నా ఆశ.

మందను నాగప్పకు వదిలి ఆయుధపూజకు వచ్చినాడు మా ఆయన. పొద్దున బస్సుకే మళ్ళీ పోతాడంట. ఈ పూట వినకపోతే ఇంక మళ్ళీ వానలు పడినాకే నాకు మొగుడు కనపడేది.

సందకాడ టీవీ ముందర కూర్చోబెట్టి రిమోట్ ఒత్తినా. రికార్డింగుల కాడ ఖాళీ! పెన్‌డ్రైవే లేదంటాది టీవీ. నా ప్రాణం పాయె. డబ్బా ఎనక చూస్తే ఏముంది! మా అత్త పొద్దున కొడవళ్ళకూ, గొర్రెల కత్తెరకూ, మోటారు స్టార్టరుకూ పూజ చేసి, ఇదీ పనిముట్టే కదా అని పెన్‌డ్రైవ్ పీకి, కడిగి, పసుపు పూసి, కుంకం పెట్టి మళ్ళీ గుచ్చింది.

"ఏమత్తా, దాని మూతికి కూడా పూయాల్నా?" అని అరిచినా.

"నీ మాటలు దాంట్లోనే ఉండాయంటివి కదే. అంత పని చేసేదాన్ని వట్టిగ వదిలేస్తే బాగుంటాదా?" అనె ముసలామె.

మా ఆయన నవ్వుతా లేచె. "దేవుడే నీ నోరు మూసినాడులే."

"కూర్చో!" అన్నా. ఆ అరుపుకు కూర్చున్నాడు పాపం.

పుల్లకు పాత పంచె పీలిక చుట్టి, మూతిలో పసుపంతా గీకి తీసినా. పొయ్యి పక్కన కాసేపు ఆరబెట్టినా. "కసాపురం ఆంజనేయా, ఈ ఒక్క తూరి కాపాడు సామీ" అని మొక్కి గుచ్చినా. టీవీలో నా మొగం వచ్చె.

మా ఆయన ముందుకు జరిగి కూర్చున్నాడు. టీవీలో నేను గడ్డి సంగతి చెప్తాండా. ఈడ నేను ఊరుకోలేక, "ఆ మడి మన బోరు పక్కదే..." అంటి.

"ఏయ్, నోరు మూసుకో. ఆమె చెప్పేది విననీ!" అని కసిరినాడు.

ఆమె ఎవరప్పా? నేనే కదా! మా అత్త కొంగు అడ్డం పెట్టుకుని నవ్వె.

ఇంత కష్టం ఎందుకమ్మా అని టీవీ పాప అడిగె. "మా ఆయన లేకపోతే ఇల్లు ఇల్లు మాదిరి ఉండదమ్మా," అంటాండా నేను. "దుడ్లు లేకపోయినా ఓర్చుకుంటా. ఆ మనిషి లేకపోతే బువ్వ గొంతు దిగదు. మొగాన ఎప్పుడూ చెప్పలేదులే, తిట్టేదానికే సరిపోతాది."

ఆరోజు మైకు ముందర రాని సిగ్గు ఇప్పుడు ముంచుకొచ్చె.

"ఇది ఎనక్కి పోతాదా?" అని మెల్లగా అడిగినాడు. బొత్తాం చూపించినా. ఆ మాట కాడికే పోయి మళ్ళీ విన్నాడు. ఇంకో తూరి విన్నాడు. తర్వాత ఫోన్ తీసుకుని మిద్దె ఎక్కినాడు.

"ఇప్పుడు సిగ్నల్ ఉండాదా?" అని కిందినుంచి ఎగతాళి చేసినా.

"ఉండాదిలేవే!" అని, ఫోన్లో గట్టిగా మాట్లాడె. "నాగప్పా, నా గొర్రెల్ని వేరు చేసి పెట్టు. రేపొచ్చి ఇంటికి తోలుకుపోతా. ఎందుకేందప్పా? మా ఆంజినమ్మ ఉండమని టీవీలో అడిగింది. ఊరందరి ముందర అడిగినాక కాదంటే నేను మనిషినేనా?"

దిగొచ్చి చెప్పులేసుకున్నాడు. "పా, ఆ గడ్డి చూపీ."

"నేను నాటేటప్పుడు చెప్తే వినకపోతివే?"

"అప్పుడు చెప్పింది నువ్వు. ఇప్పుడు చెప్పింది ఆమె," అని టీవీ పక్క చూసి నవ్వె. నేను వీపు మీద ఒకటి చరిచినా.

ఇంకా వెలుతురుండాది. గట్టు మీద ఆయన ముందర, నేను ఎనక. విత్తనం యాడ తెచ్చినానో, నీళ్ళు ఎట్ల పారించినానో చెప్తా నడుస్తాండా. మధ్యలో ఊపిరి తీసుకోనీకి ఆగితే మా ఆయన ఎనక్కి తిరిగినాడు.

"ఊఁ," అన్నాడు. "తర్వాత?"