మూడో పొయ్యి

ఇన్‌కంటాక్సు ఆఫీసు నుంచి రెండో నోటీసు వచ్చిన రోజు వీరభద్రయ్య దాన్ని జేబులో పెట్టుకుని కంకిపాడులో బస్సెక్కాడు. యుద్ధం ముగిసి ఏడాది కావొస్తున్నా బస్సు ఇంకా బొగ్గుతోనే నడుస్తోంది. బెజవాడ చేరేలోగా రెండుసార్లు ఆగింది. డ్రైవరు దిగి వెనకనున్న తొట్టిలో బొగ్గు కదిపినప్పుడల్లా వీరభద్రయ్య జేబు తడుముకున్నాడు.

ప్లీడరు సాంబమూర్తి ఇల్లు గవర్నరుపేటలో ఉంది. పన్నుల వ్యవహారాలు చూస్తాడు. నోటీసు చదివి కళ్ళజోడు తీశాడు.

"మొదటి నోటీసు వేసవిలోనే వచ్చిందిగా. రిటర్ను ఎందుకు పంపలేదు?"

వీరభద్రయ్య సంచిలోంచి ఫారం తీసి బల్ల మీద పెట్టాడు. పేరు, ఊరు రాసి ఉన్నాయి. ఆ కిందంతా ఖాళీ.

"ఇక్కడ ఆగిపోయారేం?"

"మా ఊరి మాస్టారు చదివి చెప్పాడండి. ఒక్క మనిషివా, ఉమ్మడి కుటుంబమా అని అడుగుతున్నారంట. అక్కడ ఆగిపోయానండి పంతులుగారూ."

"అందులో ఆలోచించడానికి ఏముంది? ఉమ్మడా, వేరా?"

"అదేనండి రాయలేకపోయింది."

వీరభద్రయ్యది నేతపని ఇల్లు. ఇంట్లో నాలుగు మగ్గాలున్నాయి. వీధిలో మరికొందరు అతని దగ్గర నూలు తీసుకుని నేసి ఇస్తారు. నేసిన గుడ్డను తమ్ముడు పాండురంగయ్య బెజవాడ వన్‌టౌన్ కొట్లో అమ్మేవాడు. తండ్రి యుద్ధం మొదట్లో పోయాడు. తరవాత నూలు కంట్రోలు వచ్చింది, నూలు విషయంలోనే అన్నదమ్ములకు మాటామాటా పెరిగింది. రెండేళ్ళ కిందట కులపెద్దల్ని కూర్చోబెట్టి పంచుకున్నారు. మగ్గాలు పెద్దవాడికి, కొట్టు చిన్నవాడికి.

అప్పుడు తల్లి చౌడేశ్వరమ్మ ఊళ్ళో లేదు. కూతురి పురిటికి గన్నవరం వెళ్ళింది. ఆవిడ లేని రోజు చూసే పెద్దల్ని పిలిచారు. తన మరుదులు వేరుపడ్డప్పుడు ఆవిడ అన్నం మానేసిన సంగతి ఇద్దరికీ గుర్తుంది. ఈ ఇంట్లో రెండో పొయ్యి తన ప్రాణం పోయాకే వెలగాలని ఆవిడ చాలాసార్లు అంది.

అందుకని చెప్పలేదు. పాండురంగయ్య భార్యాబిడ్డల్ని తీసుకుని బెజవాడలో అద్దెకు దిగాడు. కొట్టుకు దగ్గరగా ఉండాలని తల్లితో అన్నాడు. అమావాస్య నాడు నేతవాళ్ళు మగ్గం గుంటలోకి దిగరు. ప్రతి అమావాస్యకూ పాండురంగయ్య సంసారంతో ఊరికి వచ్చేవాడు. కోడళ్ళిద్దరూ ఒకే పొయ్యి మీద వండేవారు. చౌడేశ్వరమ్మ అమ్మవారికి నైవేద్యం పెట్టి, కొడుకులిద్దర్నీ ఒకే వరసలో కూర్చోబెట్టి వడ్డించేది.

సాంబమూర్తి అంతా విన్నాడు.

"ఉమ్మడి అని రాస్తే మీ ఆదాయం, కొట్టు ఆదాయం కలిపి పన్ను వేస్తారు. సంతకం మీది, బాధ్యత మీది. కట్టగలరా?"

"మగ్గాలమ్మాలండి."

"వేరు అని రాస్తే మీ వంతుకు పన్ను పెద్దగా రాదు. కానీ మీరు రాస్తే సరిపోదు. మీ నాన్నగారి కాలం నుంచి లెక్క ఉమ్మడిగానే నడుస్తోంది. ఇన్‌స్పెక్టరు వచ్చి ఇంట్లో అందర్నీ అడుగుతాడు. మీ అమ్మగారిని కూడా."

"ఆవిడనెందుకండి?"

"భాగస్తురాలు కాబట్టి. మొగుడు పోతే అతని వాటా భార్యకు వచ్చేట్టు చట్టం మారి చాలాకాలమైంది. ఆవిడ వాటా ఏం చేశారు?"

వీరభద్రయ్యకు ప్రశ్న అర్థం కావడానికి కొంతసేపు పట్టింది.

"ఆవిడ తిండి నాదండి. బట్ట వాడిదండి."

సాంబమూర్తి కలం కింద పెట్టాడు. ఆఫీసుకు వెళ్ళి గడువు అడిగి వస్తానన్నాడు. సాయంత్రానికి కబురు తెచ్చాడు. ఆదివారం ఇన్‌స్పెక్టరు ఇంటికి వస్తాడు. సోమవారం రిటర్ను ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆఫీసరు ఉమ్మడి కిందే తన అంచనా ప్రకారం పన్ను వేస్తాడు. ఆ అంచనా తక్కువగా ఉండదని సాంబమూర్తి వేరే చెప్పాడు.

వీరభద్రయ్య అక్కణ్ణించి తమ్ముడి కొట్టుకు వెళ్ళాడు. కంట్రోలు గుడ్డ కోసం వచ్చిన జనం మెట్ల మీద నిలబడి ఉన్నారు. పాండురంగయ్య అన్నను చూసి లోపలికి తీసుకెళ్ళాడు.

"ఉమ్మడి అని రాసెయ్ అన్నయ్యా. అమ్మ మనసు కష్టపెట్టడం దేనికి? నా వంతు నేను కడతాగా."

"పోయినేడు నూలు డబ్బు కూడా కడతాననే అన్నావు."

"అదిగో, మళ్ళీ నూలు. నిద్రలో కూడా నూలేనా నీకు?"

"నిద్ర ఎక్కడుందిరా? సంతకం నాది. రేపు నువ్వు కట్టకపోతే జప్తుకు జవాను వచ్చేది నా గుమ్మంలోకి."

"అయితే వేరని చెప్పుకో. అమ్మకు నువ్వే చెప్పాలి. నేను మాత్రం చెప్పను." పాండురంగయ్య గజంబద్ద తీసుకుని మళ్ళీ ముందుకు వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం అమావాస్య. పాండురంగయ్య, భార్య బాలత్రిపురసుందరి పొద్దున్నే వచ్చారు. సుందరి తెచ్చిన బియ్యం మూట విప్పి తోడికోడలు రావమ్మ చేటలో పోసింది. వచ్చిన ప్రతిసారీ అలాగే పోస్తుంది. ఎవరి బియ్యం వారివని ఇద్దరికీ తెలుసు.

"ఎందుకే మూటలు మోసుకొస్తావు?" అంది చౌడేశ్వరమ్మ. "మనింట్లో బియ్యం లేవా?"

"పాతబియ్యం అత్తయ్యా. మీకు అరుగుతాయని" అంది సుందరి.

నైవేద్యం అయ్యాక ఇన్‌స్పెక్టరు రామకోటేశ్వరరావు వచ్చాడు. సైకిలు అరుగుకు ఆనించి, కుర్చీలో కూర్చున్నాడు. చౌడేశ్వరమ్మ ఆయన ముందు మంచినీళ్ళ చెంబు పెట్టింది.

"భోజనం చేసి వెళ్ళండి బాబూ."

"డ్యూటీలో తినకూడదు మామ్మగారూ."

"మీ దొర ఇక్కడికొచ్చి చూస్తాడా ఏంటి? పోనీ, అడిగేదేదో అడగండి. ఈలోగా ఆకలేస్తుంది."

ఇన్‌స్పెక్టరు నవ్వి, కాగితాలు తీశాడు.

"మీ అబ్బాయిలిద్దరూ కలిసే ఉన్నారా?"

"కలిసే."

"చిన్నబ్బాయిగారి కాపురం బెజవాడలో కదా?"

"అది కొట్టు పొయ్యి బాబూ. ఇంటి పొయ్యి ఇదొక్కటే. చూడండి, ఇద్దరు కోడళ్ళూ దాని దగ్గరే ఉన్నారు."

ఇన్‌స్పెక్టరు వంటింటి వైపు చూశాడు. రావమ్మ గరిట పట్టుకుని నిలబడిపోయింది. సుందరి తల వంచుకుంది. ఆయన కాగితం మీద రాసుకుని వీరభద్రయ్య వైపు తిరిగాడు.

"అమ్మగారు చెప్పింది నిజమేనా?"

వీరభద్రయ్య మగ్గాల వైపు చూశాడు. నాలుగూ ఆగి ఉన్నాయి. పాండురంగయ్య గోడకు ఆనుకుని చూరు వాసాలు లెక్కపెడుతున్నట్టు పైకి చూస్తున్నాడు.

"కాదండి" అన్నాడు వీరభద్రయ్య. "పంచుకున్నామండి."

"ఏంటిరా పెద్దోడా, పంచుకుంది?" అంది చౌడేశ్వరమ్మ.

వీరభద్రయ్య మగ్గాల వైపూ తమ్ముడి వైపూ చెయ్యి చూపాడు.

"ఎప్పుడు?"

"రెండేళ్ళయిందమ్మా. నువ్వు గన్నవరంలో ఉన్నప్పుడు."

ఇన్‌స్పెక్టరు పంపకాల కాగితం అడిగాడు. వీరభద్రయ్య పెట్టెలోంచి తెచ్చి ఇచ్చాడు. చౌడేశ్వరమ్మ దాన్ని పైకి చదవమంది. ఇన్‌స్పెక్టరు తటపటాయించి చదివాడు. మగ్గాలు, కొట్టు, నూలు, కంచు సామాను. చివర ఒక వాక్యం ఉంది. తల్లి భోజనం పెద్దవాడు, బట్టలు, మందులు చిన్నవాడు చూడవలెను.

"కంచు సామాను తరవాత నేనా?"

"అమ్మా, అది కాదు..." అన్నాడు పాండురంగయ్య.

"నువ్వుండరా. కూడు వీడిది, కోక నీది. మరి జొరమొచ్చి నేను కూడు మానేస్తే వీడికి మిగులు, మందులకి నీకు ఖర్చు. అందుకేనా ఒంట్లో బాగాలేదని కబురు పెట్టినప్పుడల్లా మా అమ్మకేం, గుండ్రాయిలా ఉందంటావు?"

పాండురంగయ్య బయటికి వెళ్ళిపోయాడు. చౌడేశ్వరమ్మ సుందరి దగ్గరికి వెళ్ళి ఖాళీ మూటగుడ్డ చేతిలోకి తీసుకుని చూసి, మడిచి ఇచ్చేసింది.

ఇన్‌స్పెక్టరు లేచాడు. గుమ్మం దగ్గర వీరభద్రయ్యతో గొంతు తగ్గించి చెప్పాడు. ఆవిడకు తెలిసే పంపకం జరిగిందని కాగితం రాసి వేలిముద్ర వేయిస్తే ఆఫీసరుగారు ఒప్పుకోవచ్చు. లేకపోతే కష్టం.

ఆ పూట చౌడేశ్వరమ్మ అన్నం తినలేదు. సాయంత్రం గోడ పక్కనున్న ఇటుకలు మూడు తెచ్చి, వెనక చూరు కింద పెట్టింది. రావమ్మ ఏడుస్తూ అడ్డం వచ్చింది. "నీ మీద కోపం లేదే, తప్పుకో" అంది చౌడేశ్వరమ్మ.

తెల్లవారి వీరభద్రయ్య కాగితంతో ఆవిడ దగ్గరికి వెళ్ళాడు. చౌడేశ్వరమ్మ ఇటుకల మధ్య పుల్లలు సర్దుతోంది.

"వేలిముద్ర కావాలమ్మా. బస్సుకు టైమైంది."

"ఏమని రాశావు?"

"పంపకం సంగతి నీకు తెలుసునని."

"ఎప్పుడు తెలుసునని?"

"అప్పుడే. రెండేళ్ళ కిందట."

"నాకు నిన్న తెలిసింది. నిన్న అని రాయి, వేస్తాను."

"నిన్న అంటే ఆ లెక్కంతా ఉమ్మడి కింద పడుతుందమ్మా. మగ్గాలు పోతాయి."

"నాకు తెలీకుండా నన్ను పంచారు. ఇప్పుడు నాకు తెలిసే పంచామని నాచేతే చెప్పిస్తావా?" ఆవిడ బొటనవేలు కొంగులో దాచుకోలేదు. అలాగే మోకాలి మీద పెట్టుకుని కూర్చుంది. పట్టుకుని వేయించుకుంటే వేయించుకోవచ్చు.

వీరభద్రయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

బెజవాడలో సాంబమూర్తి ఫారం ముందు పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. పాండురంగయ్య రాలేదు.

"వేలిముద్ర?"

"లేదండి. ఉమ్మడి అని రాయండి."

"నిన్న వేరని చెప్పారటగా ఇన్‌స్పెక్టరుతో?"

"నిన్నటి నుంచి వేరండి. నిన్నటిదాకా ఇల్లు ఒక్కటే అనుకుంది ఆవిడ. ఆవిణ్ణి వదిలి మేము పంచుకుంది పంపకం ఎట్లా అవుతుందండి?"

సాంబమూర్తి కలం తీసుకున్నాడు. ఆ గడి నింపాడు. మిగతావి నింపడానికి ఎక్కువసేపు పట్టలేదు. వీరభద్రయ్య చెప్పినచోటల్లా సంతకం చేశాడు. ఆఫీసు మూసేలోగా రిటర్ను గుమాస్తా చేతికిచ్చి రసీదు తీసుకున్నారు.

చీకటి పడే వేళకు ఊరు చేరాడు. తుంపర పడుతోంది. రావమ్మ గుమ్మంలోనే ఎదురైంది. "పొద్దుట్నించీ మన గిన్నెలోది ముట్టలేదు" అంది. వీరభద్రయ్య వెనక్కి వెళ్ళాడు. ఇటుకల మీద చట్టి ఉంది. గాలి చూరు కిందికి కొడుతోంది. మంట నిలవడం లేదు.

"ఏం రాయించావు?" అంది చౌడేశ్వరమ్మ.

"ఉమ్మడి అనే."

"మగ్గాలు?"

"రెండు పోతాయి. మిగతావి చూడాలి."

ఆవిడ పుల్ల ఒకటి లోపలికి తోసింది.

"నీ అన్నం లోపలుంది. వెళ్ళి తిను."

వీరభద్రయ్య వెళ్ళలేదు. జల్లు వచ్చే వైపుకు వెళ్ళి, పొయ్యికి గాలి తగలకుండా అడ్డంగా నిలబడ్డాడు. వీపు తడుస్తోంది. ఆవిడ రమ్మనలేదు, పొమ్మనలేదు. చట్టి మీద మూత కదలడం మొదలుపెట్టింది.