ఎడమచేతి ఇల్లు

మా చెల్లెల్ని ఈ ఊరికి రప్పించింది నేనే. అందుకు నన్ను నేను తిట్టుకోని సాయంత్రం లేదు.

మేము వచ్చినప్పుడు ఇక్కడ నాలుగు వీధులు, ఒక బస్టాపు, చుట్టూ ముళ్ళకంపలు. ఇప్పుడు చూస్తే కళ్ళు తిరుగుతాయి. బడి వచ్చింది, పార్కు వచ్చింది, పార్కులో జారుడుబల్ల దగ్గర క్యూ కూడా వచ్చింది. ఏ గేటు ముందు చూసినా పెద్ద సైకిలు పక్కన ఒక బుల్లి సైకిలు. మా ఆయన బస్సు నడుపుతాడు. ఏటా ఆయన రూటు చివర ఇంకో స్టాపు కలుస్తుంటుంది. పిల్లలున్నవాళ్ళకి ఇంతకన్నా మంచి చోటు దొరకదని చెల్లెలి చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. చివరికి అది నిజంగానే ఇల్లు కట్టుకుంది, మా వెనక వీధిలో.

దానికి కవల మగపిల్లలు, ఇద్దరూ పిడుగులు. వాళ్ళ ఇల్లు పూర్తయ్యేదాకా, దాదాపు ఏడాది, నలుగురూ మా ఇంట్లోనే ఉన్నారు. ఆ ఏడాది నాకు కష్టమే అనిపించలేదు. నేను షాపుకి వెళ్తూ ఏ పని ఎలా చెయ్యాలో చెప్పి వెళ్ళేదాన్ని, అది అలాగే చేసేది. ఉప్పు డబ్బా కూడా నన్నడిగి తీసుకునేది. వాళ్ళు సొంతింటికి మారిన రోజున కళ్ళనీళ్ళు పెట్టుకుని సాగనంపాను. వారం తిరక్కుండానే నా కడుపుమంట మొదలైంది.

అది మా ఇంటిలాంటి ఇల్లే. కట్టినవాడు ఒకడే, ప్లాను ఒకటే. కాకపోతే మా వీధివన్నీ కుడిచేతి ఇళ్ళు, వెనక వీధివన్నీ ఎడమచేతి ఇళ్ళు. మా ఇంట్లో గుమ్మం దాటగానే లైటు స్విచ్చి కుడిపక్క, వంటిల్లూ కుడిపక్కే. వాళ్ళింట్లో రెండూ ఎడమపక్క. అద్దంలో మా ఇంటిని చూసినట్టు ఉంటుంది. అవే గోడలు, అవే కిటికీలు, పైకి వెళ్ళే అవే ఇరుకు మెట్లు. మరి వీధిలోని పిల్లలందరూ ఆ గుమ్మంలోనే ఎందుకు మూగుతారో నాకర్థం కాదు. ఎవరి మోకాలు చీరుకుపోయినా చెల్లెలి దగ్గరికే పరుగు. కొత్తగా దిగిన ఆడవాళ్ళు పాలవాడి సంగతి, పిల్లల డాక్టరు సంగతి దాన్నే అడుగుతారు. ఈ ఊళ్ళో ఆ డాక్టరు బోర్డు పెట్టకముందు నుంచీ ఉన్నదాన్ని నేను. నన్ను మాత్రం కవలల పెద్దమ్మ అంటారు. అలా పిలిచినప్పుడల్లా నవ్వుతాను, నవ్వినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది.

అంతవరకైతే ఎలాగో దిగమింగుకునేదాన్ని. అసలు బాధ మా అమ్మాయితో వచ్చింది.

నేను కళ్ళద్దాల షాపులో పనిచేస్తాను. వెనక గదిలో కూర్చుని అద్దాలు అరగదీసి ఫ్రేములకి బిగిస్తాను. షాపు మూసేదాకా కదలడానికి వీల్లేదు. అందుకని బడి వదలగానే మా అమ్మాయి పిన్ని ఇంటికి వెళ్తుంది. దానికి తొమ్మిదేళ్ళు. మాకు అదొక్కతే. మొదట్లో నేను గేటు తీసిన చప్పుడు వినగానే సంచీ భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చేది. తర్వాత కాసేపు ఆగమనడం మొదలుపెట్టింది. ఈమధ్య మేడ మీద నుంచి తొంగి చూసి, "అప్పుడే వచ్చేశావా?" అంటోంది. రోజంతా దాని మొహం తలుచుకుంటూ బస్సెక్కి వచ్చే తల్లికి ఆ మాట ఎలా ఉంటుందో ఆ పిల్లకేం తెలుసు? చెల్లెలు మాత్రం పక్కన నిలబడి, దీనికి అసలు ఇల్లే గుర్తుకు రాదక్కా అని ముచ్చటగా చెబుతుంది. ముచ్చటగా, నాతో.

ఒకరోజు ఇద్దరం ఇంటికొచ్చాం. నేను తాళం తీశాను. పిల్ల ముందు లోపలికి వెళ్ళి, చీకట్లో లైటు వెయ్యబోయి ఎడమ గోడ తడిమింది. ఆ గోడకి స్విచ్చి లేదు. మా పెళ్ళి ఫోటో ఉంది. అది కాస్తా వంకర పోయింది.

నేను ఫోటో సరిచేశాను. మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. నా వృత్తే వెంట్రుకవాసి తేడా పట్టుకోవడం. ఇంత పెద్ద తేడా నా కంట్లో నలుసులా పడి తిరుగుతూ కూర్చుంది. పుట్టి పెరిగిన ఇంట్లో స్విచ్చి ఎటు ఉందో మరిచిపోయిందంటే, పిల్ల చేతికి అదే సొంతిల్లయింది, ఇది చుట్టాలిల్లయింది. మా ఆయనతో చెప్పుకుంటే, అలవాటులే, చిన్నపిల్ల అన్నాడు. నేను వదలకపోతే కంచంలోంచి తలెత్తకుండానే, చెల్లెలి మీద కుళ్ళుకుంటున్నావని తేల్చేశాడు. నేనా, అని ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు. నిజమే, కుళ్ళుకుంటున్నాను. అయితే ఆ మాట ఆయన అనకూడదు.

అప్పుడే బడిలో సాయంత్రం క్లాసులు మొదలుపెట్టారు. బొమ్మలు వెయ్యడం, చదరంగం, ఏవో ఆటలు. ఉద్యోగాలు చేసే తల్లులు వచ్చేదాకా పిల్లల్ని అక్కడే ఉంచుకుంటారు. నాకు కావలసింది అదే. పిల్లని నేరుగా బడినుంచే తెచ్చుకోవచ్చు, చెల్లెలి గడప తొక్కే పనే ఉండదు. టీచరుతో మాట్లాడి ఖాయం చేసుకున్నాను. ఇక చెల్లెలితో చెప్పడమే మిగిలింది. దాని మొహం ఎలా మాడిపోతుందో ఊహించుకుంటూ, ఆ సాయంత్రం బస్సులో నాలో నేనే నవ్వుకున్నాను.

చెల్లెలు తలుపు తీసింది. పైన పిల్లలు ముగ్గురూ ఇల్లు పీకి పందిరేస్తున్నారు. మా అమ్మాయి గొంతు అందరికన్నా పైన వినిపిస్తోంది. మా ఇంట్లో దానికి అంత గొంతుందని నాకు తెలియదు. నీతో ఒక మాట చెప్పాలి అన్నాను. లోపలికి రమ్మని చెల్లెలు వెనక్కి తిరిగింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. రోజుకో కొత్త ఇల్లు లేస్తుంటే ఉన్న ట్రాన్స్‌ఫార్మరు ఎన్నింటికని సరఫరా చేస్తుంది? మాకిది మామూలే.

ఉండు, టార్చి తెస్తానని చెల్లెలు చీకట్లో వంటింటివైపు గబగబా నడిచింది. ధభీమని చప్పుడైంది. నేను గుమ్మంలోంచే దాన్ని పిలిచాను. పైనుంచి మెట్ల మీద చిన్న అడుగులు టకటకా దిగాయి, ఎక్కడా తడబడకుండా వంటింట్లోకి వెళ్ళాయి, సొరుగు లాగిన చప్పుడైంది, టార్చి వెలిగింది. మా అమ్మాయి. చుట్టాలింట్లో చీకట్లో అంత ధీమాగా నడవగలదని తెలిసి నా మనసు చివుక్కుమంది.

అది టార్చి వెలుగు పిన్ని మీదికి తిప్పి, "మళ్ళీనా పిన్నీ?" అంది.

చెల్లెలు కుడిపక్క గోడ దగ్గర నేలమీద చతికిలబడి నుదురు పట్టుకుని ఉంది. మా ఇంట్లోనైతే అక్కడే వంటింటి తలుపు ఉంటుంది. వాళ్ళింట్లో ఉన్నది ఉత్త గోడ. నేను వెళ్ళి పక్కన కూర్చుని నుదురు చూశాను. బొప్పి కడుతోంది. దాని పక్కనే మానుతున్న పాత దెబ్బ కూడా ఉంది.

"తొందరలో ఉంటే ఇటే వస్తానక్కా. మీ ఇంట్లోనే ఉన్నాననుకుంటా," అంది.

"వచ్చి ఎన్నాళ్ళయిందే? ఇంకానా?"

"ఏమో. అక్కడ నువ్వు చెప్పేదానివి, నేను చేసేదాన్ని. సాయంత్రమైతే నువ్వొస్తావులే అని ఉండేది." టార్చి వెలుగులో తల దించుకుంది. "ఇక్కడ అందరూ నన్నే అడుగుతారు. నేనెవర్ని అడగను?"

అబద్ధం ఎందుకు, ముందు నాకు కలిగింది జాలి కాదు, సంతోషం. ఊరంతా తలకెత్తుకున్న మా చెల్లెలు నా ఇంటికోసం గోడలకి గుద్దుకుంటోంది. నా కూతురి చెయ్యి ఇక్కడికి అలవాటు పడితే, దీని కాళ్ళు ఇంకా నా దగ్గరే తిరుగుతున్నాయి. జాలి ఆ తర్వాత వచ్చింది, కొంచెం. దాని నుదురు నా కొంగుతో అదుముతూ ఆలోచించాను. క్లాసుల మాట నోటిదాకా వచ్చింది. దానికన్నా మంచి ఉపాయం ఒకటి తట్టింది.

సంచీలోంచి మా ఇంటి రెండో తాళంచెవి తీసి దాని చేతిలో పెట్టాను. "రేపట్నుంచి పిల్లలు ముగ్గుర్నీ మా ఇంటికే తీసుకురా. నేనొచ్చేదాకా అక్కడే ఉండండి. కనీసం నీకు దెబ్బలు తగలవు."

చెల్లెలు తాళంచెవిని గుప్పెట్లో పట్టుకుని, నీ మనసు వెన్న అక్కా అంది. నేను కాదనలేదు. నా పిల్ల నా ఇంట్లో ఉండాలన్నదొక్కటే నా మనసులో ఉన్న వెన్న. మర్నాడు టీచరుకి క్లాసులు వద్దని చెప్పేశాను.

ఇప్పుడు నేను దిగే బస్టాపుకే మా ఇంటి గోల వినబడుతుంది. గుమ్మంలో ఎవరెవరి చెప్పులో గుట్టగా ఉంటున్నాయి. పెళ్ళి ఫోటో వంకర పోవడం మానేసింది. ఉప్పు డబ్బా మాత్రం పొయ్యి పక్కనుంచి కిటికీలోకి మారింది. నన్నెవరూ అడగలేదు. నేను దాన్ని తెచ్చి పాత చోట పెడతాను, మర్నాటికి అది మళ్ళీ కిటికీలో ఉంటుంది.

నిన్న నేను వచ్చేసరికి మసక చీకటి పడుతోంది. వీధిలో ఆడుకుంటున్న మా అమ్మాయి నన్ను చూసి నాకన్నా ముందు ఇంట్లోకి పరుగెత్తింది. హాల్లో ఇంకా లైటు వెయ్యలేదు. దాని చెయ్యి కుడిపక్కకి వెళ్ళింది. చూడకుండా, తడుముకోకుండా, సరిగ్గా స్విచ్చి మీదికి. హాలంతా వెలుగు పరుచుకుంది. గెలిచాననుకున్నాను. నా కళ్ళు చెమర్చాయి.

పిల్ల వంటింటివైపు తిరిగి కేకేసింది.

"పిన్నీ, అమ్మొచ్చింది."

"కూర్చోమను, వస్తున్నా," అని నా వంటింట్లోంచి మా చెల్లెలి గొంతు వినిపించింది.

నేను చెప్పులు విప్పి, వెళ్ళి కూర్చున్నాను.