కాఫీ దాటిన కానుక

తండ్రి ఇంట్లో కొత్త కుర్చీ కనబడగానే వాండా క్రూపా గుమ్మంలోనే ఆగిపోయింది.

గోధుమరంగు తోలు కుర్చీ. వెనక్కి వాలుతుంది, మీట నొక్కితే మనిషిని మెల్లగా లేపి నిలబెడుతుంది కూడా. నలభై ఏళ్లు ఉక్కు కర్మాగారంలో నడుము అరగదీసుకున్న కాజిమీర్ అందులో పెళ్లికొడుకులా కూర్చుని ఉన్నాడు.

"ఎక్కడిది నాన్నా ఇది?"

"ముందు తలుపెయ్యవే! ఊళ్లో చలంతా మనింట్లోకే పిలుస్తున్నావు."

"ఎక్కడిదని అడుగుతున్నా."

"ముసలాళ్లకి ఇస్తున్నారట. నిన్న మధ్యాహ్నం ఒకాయన వ్యానులో తెచ్చాడు. ఎంత మర్యాదస్థుడనుకున్నావ్! మోసుకొచ్చినవాడు ఊరికే పోతాడా అని బంగాళాదుంప కూరిన పియెరోగీలు పెట్టా. ఆరు తిన్నాడు. నువ్వు రెండు తిని లేస్తావు."

"పేరేంటి?"

కాజిమీర్ చొక్కా జేబులోంచి కార్డు తీసిచ్చాడు. కర్టిస్ ఫెన్‌విక్. ఆ పేరు చదివి వాండా కోటు విప్పకుండానే మంచం మీద కూలబడింది.

పోర్ట్ ఆల్డెన్ నగర కార్యాలయంలో ఫెన్‌విక్‌ను ఎరగనివాళ్లు లేరు. కంపెనీల తరఫున అధికారులతో మాట్లాడి పనులు చక్కబెట్టడం అతని వృత్తి. అలాంటివాళ్లంతా నగరం దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. ఏ అధికారిని ఎప్పుడు కలిశారో, ఏం మాట్లాడారో, ఏమిచ్చారో రిజిస్టరులో రాయాలి. మిగతావాళ్లు మరిచిపోయి, బతిమాలి, నెల తర్వాత రాస్తారు. ఫెన్‌విక్ మాత్రం ఏ రోజుది ఆ రోజే రాసేవాడు. వాండాను నాలుగుసార్లు కలిశాడు, నాలుగూ రాశాడు. "ఒక కాఫీ, పాలు లేకుండా" అని కూడా రాశాడు. నోటికి వచ్చినట్టు తిట్టేవాడితో ఏ పేచీ లేదు, తలుపేసుకోవచ్చు. ఇంత పద్ధతిగా ఉండేవాడిని చూస్తేనే వాండాకు ఒళ్లు జలదరించేది.

అతను తిరుగుతున్నది హెరన్ మడుగు గురించి. మంచు కరిగే నెలలో నది పొంగితే ఆ మడుగే నీళ్లను పట్టి ఉంచుతుంది. దాన్ని పూడ్చి గిడ్డంగులు కట్టాలని అతని కంపెనీ ఆశ. మడుగు పూడిస్తే ఆ నీళ్లు ఎటు పోతాయో చెప్పడానికి చదువక్కర్లేదు. దిగువన మిల్ రో వీధి ఉంది, అందులో నూటపది ఇళ్లు, నూటపదోది కాజిమీర్‌ది. పూడ్చడానికి డ్రైనేజీ ఇంజనీరు సంతకం కావాలి. ఇంజనీరు వాండా. ఆమె మూడుసార్లు కుదరదంది. శుక్రవారంలోగా నాలుగోసారి కూడా కుదరదంటే ఆ దరఖాస్తు చచ్చినట్టే.

మూడోసారి కాదన్నప్పుడు ఫెన్‌విక్ కోపగించుకోలేదు. "మీరు నిప్పులాంటి మనిషి, వాండా గారూ. చిన్న తప్పు మీ వల్ల జరిగినా మీరే ముందు వెళ్లి చెప్పుకుంటారు. ఔనా?" అని నవ్వాడు. మెచ్చుకుంటున్నాడనుకుంది వెర్రిది.

"నాన్నా, ఇది వెనక్కి పంపాలి."

"ఏం, దొంగసొత్తా?"

"లంచం. అధికారులు గానీ, వాళ్ల అమ్మానాన్నలు గానీ ఇలాంటివాళ్ల దగ్గర కప్పు కాఫీకి మించి తీసుకోకూడదు."

"నన్నెవడు లంచమడిగాడే! నేను చెయ్యగలిగిన ఉపకారం ఏముంది, పియెరోగీలు తప్ప?" ముసలాయన గొంతు తగ్గింది. "మూడు నెలలైంది వాండా, నేను నడుం వాల్చి. నిన్న ఇందులో తెల్లారిందాకా పడుకున్నాను. మీ అమ్మ కూడా కలలోకొచ్చింది."

వాండాకు ఏడుపొచ్చింది. ఎవరికీ చెప్పకపోతే ఏమవుతుందన్న ఆలోచన కూడా వచ్చింది. వచ్చినందుకు సిగ్గుపడింది. పక్కింటివాళ్ల ట్రక్కు అడిగి కుర్చీని అప్పుడే కంపెనీ ఆఫీసుకు పంపేసింది. కుర్చీ గుమ్మం దాటుతున్నంతసేపూ కాజిమీర్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున్నే, మిగతావాళ్లెవరూ రాకముందే, వాండా నగర కార్యాలయం నైతిక విభాగంలో బెర్నడెట్ బల్ల ముందు నిలబడింది. ఇద్దరూ ఒకే ఏడు ఉద్యోగంలో చేరారు. ఫిర్యాదులు వినీ వినీ బెర్నడెట్ ముఖం ఎప్పుడూ విసుగ్గానే ఉంటుంది.

"ఏంటి తల్లీ, కోడికన్నా ముందే లేచావు?"

వాండా జరిగిందంతా చెప్పింది. కుర్చీ వెనక్కిచ్చిన రసీదు బల్లమీద పెట్టింది. బెర్నడెట్ దాన్ని ముట్టుకోలేదు.

"నాకు తెలుసు," అంది.

"ఎలా తెలుసు?"

"ఫెన్‌విక్ రిజిస్టరులో రాసేశాడు. కాజిమీర్ క్రూపాకి కుర్చీ, అధికారి తండ్రని తర్వాత తెలిసింది, పొరపాటుకు జరిమానా కడతాను అని. మొన్న పొద్దున తొమ్మిదింటికి రాశాడు."

"కుర్చీ తెచ్చింది మొన్న మధ్యాహ్నం కదా? నాన్న మధ్యాహ్నం భోజనానికి..." వాండా ఆగిపోయింది. "ఇవ్వకముందే రాశాడా!"

"నువ్వు చెప్పకపోతే దాచావని నీ ఉద్యోగం పోయేది. చెప్పావు కాబట్టి ఉద్యోగం ఉంటుంది." బెర్నడెట్ కళ్లు తిప్పుకుంది. "కానీ ఏడో నిబంధన ఉందిగా."

ఆ నిబంధన ఏమిటో వాండాకు ఎవరూ చదివి వినిపించనక్కర్లేదు. మూడేళ్ల కింద ఆ కమిటీలో కూర్చుని పట్టుబట్టి రాయించింది ఆమే. కానుక అందిన అధికారి, తిప్పి పంపినా సరే, ఇచ్చినవాడి ఫైళ్లు ఆరు నెలలు ముట్టుకోకూడదు. అంత కఠినం ఎందుకని అందరూ గొణిగితే, అనుమానానికి సందివ్వకూడదని బల్ల గుద్ది మరీ వాదించింది. చేను కాయమని వేసిన కంచె అది.

"అతను నన్ను కొనాలనుకోలేదు," అంది వాండా మెల్లగా. "నేను అమ్ముడుపోనని తెలిసే ఇచ్చాడు."

"వాండా, కూర్చో."

"ఫైలు ఎవరికి వెళ్తుంది?"

"నీ కింద ఉన్నది టాడ్ హాలిస్ ఒక్కడేగా."

టాడ్ హాలిస్‌కు మెడ ఉన్నది ఔనని తలాడించడానికే అని ఆఫీసులో అందరూ అనేదే. వాండా మేడ మీదికి పరిగెత్తేసరికి ఫైలు ఆమె గదిలో లేదు. రాత్రికి రాత్రే నిబంధన ప్రకారం తీసుకెళ్లారు. మడుగు గురించి టాడ్‌తో ఒక్క మాట మాట్లాడినా నిబంధన తప్పినట్టే, ఆ మాట కూడా రాయించింది ఆమే.

అయినా వెళ్లింది. టాడ్ తలుపు సగం తెరిచి, "ప్లీజ్ వాండా, నువ్వు నాతో మాట్లాడకూడదు. మనిద్దరికీ ప్రమాదం," అని మూసేశాడు. మూసేలోగా లోపల కుర్చీలో ఫెన్‌విక్ కనిపించాడు. లేచి నిలబడి, తల వంచి నమస్కరించాడు. అతని పక్కన కాఫీ కప్పు ఉంది. ఒక్కటే.

గురువారం మధ్యాహ్నానికే సంతకం అయిపోయింది.

ఆ సాయంత్రం వాండా ఖాళీ అట్టపెట్టెలు కారులో వేసుకుని మిల్ రోకి వెళ్లింది. నది మీద మంచు ఇంకా గట్టిగానే ఉంది, కానీ ఒడ్డున అక్కడక్కడా నల్లగా నీరు కనిపిస్తోంది. లారీలు అప్పుడే ఎగువకు మట్టి తోలుతున్నాయి. ఒకదాని తర్వాత ఒకటి ఇంటి ముందునుంచే పోతుంటే అద్దాలు అదురుతున్నాయి. కాజిమీర్ మంచం అంచున, నడుముకు దిండు పెట్టుకుని కూర్చున్నాడు.

"పెట్టెలెందుకే?"

"నాతో వచ్చెయ్ నాన్నా. మంచు కరిగేలోపే."

"ఎందుకు? నువ్వున్నావుగా ఆఫీసులో. నువ్వుండగా మన వీధికి నీళ్లు రానిస్తావా?"

వాండా గోడవైపు నడిచింది. అమ్మ ఫొటో గోడమీంచి తీసి పెట్టెలో పెట్టింది.

"అది తియ్యకు," అన్నాడు కాజిమీర్. "కుర్చీ ఇచ్చెయ్యమన్నావు, ఇచ్చేశా. నీ మాట పోకూడదని ఇచ్చేశా. ఇల్లు మాత్రం ఇవ్వను."