బిగింపు కోడలు

ఆ ఇంట్లో డబ్బాల మూతలు ఒక పట్టాన ఊడిరావు. కోడలు మూత పెట్టిందంటే చెంచాడు చక్కెర కావాలన్నా మళ్ళీ ఆమెనే పిలవాలి. అందుకే అత్తగారు ఆమెకు ‘బిగింపు’ అని పేరు పెట్టారు. మామగారి షెడ్డులో మెకానిక్ పని నేర్చుకున్న ఆరేళ్ళలో ఆమె బిగించిన నట్టు ఒక్కటైనా వదులైన పాపాన పోలేదు. ఆమె మొగుడు బడిలో లెక్కలు చెబుతాడు. అతనికి పానాకూ గరిటెకూ తేడా తెలియదు కాబట్టి అతని ఊసు మనకిక్కడ అక్కర్లేదు.

నడుం పట్టేశాక మామగారు కార్ల కిందికి దూరడం మానేశారు. షెడ్డును ఒక టైల్స్ వ్యాపారికి అద్దెకిచ్చేస్తానన్నారు. కోడలి ప్రాణం ఉసూరుమంది. చేతికి గ్రీజు అంటని రోజు ఆమెకు తెల్లారినట్టే ఉండదు. షెడ్డు నేను నడుపుతానంది. ఆయన మూలనున్న తన ముసలి కారు వైపు చెయ్యి చూపించారు. నిలబెట్టి ఇంజన్ వేస్తే అది చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. సాయంత్రం వ్యాపారి కొలతలకు వచ్చేలోపు ఆ వణుకు మాన్పితే షెడ్డు నీదన్నారు. ఒక్క మాట కూడా సాయం చెప్పనని పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

ఆమె బానెట్ ఎత్తి అత్తగారిని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టింది. ఆ ఇంట్లో కారు బాగా తోలేది ఆవిడే. బ్రేకు తొక్కిపట్టి, మొదటి గేరు వేసి, క్లచ్చు మెల్లగా వదలమంది. ఇంజన్ ఒక పక్కకు లేచింది. రివర్సు వేయగానే రెండో పక్కకు ఒత్తిగిలి ధబ్బుమంది. ఇక అనుమానం లేదు. ఇంజన్‌ను బాడీకి పట్టి ఉంచే మూడు మౌంటింగుల్లోనూ రబ్బరు చీలిపోయింది.

కొత్తవి తెప్పించింది. ఇంజన్ కింద చెక్క పెట్టి జాకీతో ఎత్తి, పాతవి ఊడదీసి కొత్తవి వేసింది. ఒక్కో బోల్టునూ వేసింది వేసినట్టే శక్తికొద్దీ బిగించింది. ఆ తర్వాతే జాకీ దించి తాళం తిప్పింది.

కారు ఇదివరకటికంటే ఎక్కువ ఊగింది. అప్పుడు స్టీరింగు ఒక్కటే వణికేది, ఇప్పుడు తలుపులూ అద్దాలూ కూడా గొంతు కలిపాయి. పేపరు వెనక మామగారు దగ్గారు, అంతే. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

అంతలో అత్తగారు టీ తెచ్చి స్టూలు మీద పెట్టారు. స్టూలు ఒరిగింది, సగం టీ నేలపాలైంది.

"నిన్న నువ్వు బాగుచేసిన స్టూలేనే ఇది. మూడు కాళ్ళే ఆనుతున్నాయి. టీలో చక్కెర కూడా లేదు, ఆ డబ్బా మూత నా వల్ల కాలేదు," అన్నారావిడ.

కోడలు స్టూలుకేసి చూసింది. నిన్న దాన్ని బోర్లించి, కాళ్ళు గాల్లో ఉండగానే నాలుగింటినీ బిగించేసింది. ఇప్పుడు నట్లన్నీ వదులు చేసి, నిలబెట్టి, దాని మీద కూర్చుని అటూ ఇటూ కదిలింది. కాళ్ళు నేలను వెతుక్కుని ఆనాయి. అప్పుడు బిగించింది. స్టూలు కదల్లేదు. ఆమె లేచి కారు దగ్గరకు పరుగెత్తింది.

మూడు మౌంటింగుల బోల్టులూ వదులు చేసింది. అత్తగారితో ఇంజన్ వేయించి, కారును వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ కదిలించమంది. ఇంజన్ తన బరువుతో తానే సర్దుకుని కుదురుగా కూర్చుంది. అప్పుడు బిగించింది, చాలినంతే.

టైల్స్ వ్యాపారి టేపు పట్టుకుని రానే వచ్చాడు. మామగారు పేపరు మడిచి, తాను చూస్తేగానీ తేలదంటూ అత్తగారిని దింపి డ్రైవరు సీట్లో కూర్చున్నారు. ఇంజన్ నడుస్తోందో లేదో ఆయన స్టీరింగు మీద చెయ్యి వేసి చెబుతారు. షెడ్డు ముందు రోడ్డు రొదలో చెవిని నమ్ముకుంటే పని జరగదు. చెయ్యి వేశారు. కాసేపు చూశారు. తాళం తిప్పారు.

కర్రుమని చెవులు చిల్లులు పడేలా ఇనుము అరిచింది. ఇంజన్ అప్పటికే నడుస్తోంది.

నడుస్తున్న ఇంజన్‌కు మళ్ళీ తాళం తిప్పినవాళ్ళను నలభై ఏళ్ళుగా ఉతికి ఆరేసిన మనిషాయన. తాళం మీద చెయ్యి అలాగే ఉంచి, నడుం నొప్పి కూడా మరిచి, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

"నా జన్మలో చెయ్యని తప్పు నా చేత చేయించావమ్మా," అన్నారు. తర్వాత వ్యాపారి వైపు తిరిగారు. "టేపు చుట్టేయండి బాబూ. ఇక్కడ మెకానిక్ ఉంది."

షెడ్డు తాళంచెవి తీసి కోడలి చేతిలో పెట్టారు. ఆమె సంతోషంతో గ్రీజు చేతుల్తోనే దాన్ని గుండెకు హత్తుకుంది.

అత్తగారు చక్కెర డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టారు.

"వచ్చినాయనక్కూడా టీ ఇవ్వాలి, ముందు ఈ మూత తియ్యవే," అన్నారు.