ఎవరికీ చెప్పొద్దన్న కొండ ప్రయాణం

సరదాకి కొండలెక్కే ఆ ఊరి ట్రక్కుల క్లబ్బు ఏటా చలికాలంలో మంచుదారిన కొండెక్కుతుంది. దానికి పిలుపులుండవు, ప్రకటనలుండవు. ఒక సభ్యుడు ఇంకొకడికి ఫోన్ చేసి, "రేపు కొండకి. ఎవరికీ చెప్పకు," అంటాడు. రెండోవాడు మూడోవాడికి అదే మాట చెబుతాడు. తెల్లారేసరికి క్లబ్బంతా కొండ కింద తయారు. ఇదేం వింత అని కొత్తవాళ్లు అడిగితే పాతవాళ్లు నవ్వేసి, "కూపీని అడగండి," అంటారు.

కూపీ బేకరీ వాన్ నడుపుతాడు. ఎవరింట్లో ఏం జరిగినా కూపీ లాగందే అతనికి ముద్ద దిగదు కాబట్టి ఆ పేరు పడింది. క్లబ్బు అధ్యక్షుడు అతనికి బావ, సొంత అక్క మొగుడు. ట్రక్కులు బాగుచేసే షెడ్డు నడుపుతాడు.

ఈ ఆనవాయితీ మొదలైన ఏడాదికి ముందు చలికాలం బావ ట్రక్కు కొండమలుపు దగ్గర మంచులో జారి బోల్తా పడింది. పక్కసీట్లో ఉన్న అక్క కాలు విరిగింది. ఎముకైతే అతుక్కుంది గానీ, వేసవి వస్తే మగాళ్లందరికంటే ముందు కొండెక్కే మనిషి మళ్లీ స్టీరింగు ముట్టలేదు. ట్రక్కు మాటెత్తితే చాలు, వంటింట్లోకి వెళ్లి సర్దిన గిన్నెలే మళ్లీ సర్దేది. చలికాలంలో ఆ దారిన ఎవరి చక్రమూ తిరగకూడదని బావ శాసనం చేశాడు. ఎదురు చెప్పబోయినవాళ్ల మీద కస్సుమన్నాడు.

అలాంటి బావ ఒక ఆదివారం పొద్దున్నే కూపీకి ఫోన్ చేశాడు.

"బామ్మర్దీ, కొండ మీద ఇరుక్కుపోయాను. ట్రక్కున్నవాణ్ని ఒక్కణ్ని తీసుకురా. ఎవరికీ చెప్పకు."

"కొండ మీదా? నువ్వా? అసలెందుకెళ్లావ్ బావా?"

"వచ్చాక చెబుతాలే." ఫోన్ పెట్టేశాడు.

కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి? కూపీకి కడుపు ఉబ్బిపోయింది. బేకరీ వాన్ మంచులో కదలదు కాబట్టి క్లబ్బులోని ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేసి, ఎవరికీ చెప్పొద్దని మరీ మరీ చెప్పాడు. ఎలక్ట్రీషియన్ దగ్గర ట్రక్కుంది గానీ బండి లాగే తాడు ఇంకో సభ్యుడైన పళ్ల డాక్టరు పట్టుకెళ్లాడు. అందుకని ఎలక్ట్రీషియన్ ఆ డాక్టరుకి ఫోన్ చేసి, తాడు పట్టుకుని కొండ దగ్గరికి రమ్మన్నాడు, ఎవరికీ చెప్పొద్దన్నాడు.

డాక్టరు తాడిచ్చేసి తానూ వెనకే వస్తానన్నాడు. కొండ కింద, మంచులో పట్టు కోసం టైర్లలో గాలి తగ్గించుకుని ఎలక్ట్రీషియన్ ముందు బయల్దేరాడు. పక్కసీట్లో కూపీ కళ్లు దారి మీదే ఉన్నాయి.

"ఈ చక్రాల జాడలు చూడు. ఇక్కడ ఆగింది. రెండు బారలు కదిలి మళ్లీ ఆగింది. బావ ఇలా నడపడు."

"భయపడ్డాడేమో."

"బావకి భయమా? భయమే ఉంటే మా అక్కని చేసుకునేవాడా?"

మలుపుకి ఇవతల ట్రక్కు ముందు చక్రం గోతిలో దిగిపోయి ఉంది. బావ మంచులో నిలబడి చలికి గంతులేస్తున్నాడు. కాళ్లకి ఇంట్లో వేసుకునే చెప్పులు. కూపీ ఆగలేక వెళ్లి డ్రైవరు వైపు తలుపు తీశాడు. స్టీరింగు ముందు అక్క కూర్చుని ఉంది.

"ఏంట్రా, దెయ్యాన్ని చూసినట్టు చూస్తావ్?"

"నువ్వు... ఎందుకక్కా?"

"తాళాలు తీసుకుని బయల్దేరాను. ఈయన ఉన్నపళంగా పరిగెత్తుకొచ్చి ఎక్కారు," అంది అక్క. "విరిగింది నా కాలు. దాని పేరు చెప్పి కొండనే మూసేశారు. నన్నొక్కరైనా అడిగార్రా? ఈ మలుపు దాటకపోతే ఇంక జన్మలో బండి నడపలేను. అది నాకు తెలుస్తూనే ఉంది. తీరా ఇక్కడికొచ్చేసరికి బ్రేకు తొక్కేశాను, చక్రం గోతిలోకి జారింది."

వెనక హారన్ మోగింది. డాక్టరు వచ్చాడు. అతని వెనక ఇంకో ట్రక్కు, దాని వెనక మరొకటి. మొత్తం క్లబ్బే వచ్చేసింది. ఒకర్నొకరు చూసుకుని అందరూ తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డారు.

"నీకెవరు చెప్పారు?" అని బావ గద్దించాడు.

"నాకెవరు చెబుతారు? ఊరికే అలా గాలికి వచ్చా," అన్నాడు డాక్టరు, మోకాలి లోతు మంచులో నిలబడి.

ఇంతమంది చేరాక సలహాలకి కొదవా? చివరికి ఎలక్ట్రీషియన్, "మీరు దిగండక్కా, నేను తీస్తాను," అన్నాడు. తలుపు తీసి పట్టుకోవడానికి బావ కూడా చెయ్యి వేశాడు. అక్క మొగుడి మొహంలోకి చూసింది. ఇప్పుడు దిగితే అక్క మళ్లీ ఎక్కదని కూపీకి తెలిసిపోయింది.

బావ తలుపు మీది చెయ్యి తీసేశాడు. "వెనక తాడు కట్టండి. బండి ఆవిడే తీస్తుంది."

ఎలక్ట్రీషియన్ ట్రక్కు వెనక్కి లాగింది. అక్క స్టీరింగు తిప్పుతూ మెల్లగా గోతిలోంచి బయటికొచ్చింది. దారి మీద నిలిచిన బండికి ఎదురుగా మలుపు అలాగే ఉంది. బావ తడిసిన చెప్పులతో పక్కసీట్లో ఎక్కి బెల్టు పెట్టుకున్నాడు.

"పైకా, కిందికా?" అంది అక్క.

"నీ ఇష్టం. నాకైతే భయంగా ఉంది."

"నాకూ అంతే," అంటూ అక్క మొదటి గేరు వేసింది.

ట్రక్కు మలుపులో నత్తలా పాకింది, ఒకచోట కాస్త జారింది, మళ్లీ పట్టు దొరికించుకుంది. చివరికి అవతలికి చేరింది. కూపీకి ఏడుపొచ్చింది, దాచుకోలేదు. పైనుంచి అక్క హారన్ కొట్టగానే అందరూ తలో ట్రక్కూ ఎక్కారు. ఆ రోజు ఒక్కటీ కిందికి తిరగలేదు.