ముగ్గురు వెర్నాలు, ఒక సంతకం

నెలలో మొదటి మంగళవారం వస్తే వెర్నా మాకెలా సాయంత్రం అయిదింటికే తినేసి, గిన్నెలు కడిగి, మూడు నోటు పుస్తకాలు బల్ల మీద పెట్టుకునేది. ఆరింటికి మూడు మీటింగులు. స్కూలు జిమ్ములో, పలక మీద బాణం కొట్టే గురికాళ్ల క్లబ్బుది. రూడీ పెల్టో కారు షెడ్డులో విల్లువేటగాళ్ల సంఘానిది. ఊరి చివర ఐనార్ వడ్రంగి కొట్టంలో కర్రవిల్లు మిత్రులది. మూడింటికీ ఆవిడే సెక్రటరీ, కాబట్టి మూడింటికీ వెళ్లేది. ఒక వెర్నా కారు తీసుకుని స్కూలుకి, ఒక వెర్నా పక్కింటి జోన్ పికప్పు ఎక్కి రూడీ షెడ్డుకి, ఒక వెర్నా నడుచుకుంటూ ఐనార్ కొట్టానికి. ఎనిమిదింటికి ఇంటికొచ్చి కోటు తగిలించేసరికి మళ్లీ ఒక్కతే.

"ఇవాళ ఎవరో ఒకరు నా బండిలోకి గొడుగు తెచ్చుకోండి, సరస్సు మీంచి వాన వస్తోంది," అనేది జోన్. వాళ్ల ఊరు ఆల్డర్ ఫోర్క్‌లో దాని గురించి ఎవరైనా అన్నదంటూ ఉంటే అంతే.

ఇది మొదలై పన్నెండేళ్లయింది. ఆవిడ భర్త లియో పోయిన వారంలోనే మూడు సంఘాలవాళ్లూ విడివిడిగా, తలో పళ్లెం వేడివేడి మాంసం కూరిన పాస్టీలతో వచ్చి తమకి సెక్రటరీగా ఉండమని అడిగారు. లియో మూడు సంఘాలకీ కావలసినవాడు. రింగుల పలక మీద గురి కొట్టేవాడు, అక్టోబరులో జింక వేటకి వెళ్లేవాడు, చలికాలమంతా ఐనార్ పక్కన కూర్చుని విల్లు చెక్కేవాడు. వెర్నాకి ఎవరినీ కాదనడం చేతకాదు. పైగా ఆ ఇంట్లో సాయంత్రాలు గడవడం లేదు. ముగ్గురికీ సరేనంది. తర్వాతి మంగళవారం ఆరింటికి మూడు చోట్లా కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఒకటే తేడా వచ్చింది. నలభై రెండు పౌండ్ల బిగువున్న విల్లుని నవ్వుతూ లాగే మనిషి, రానురాను పద్నాలుగు పౌండ్లది కూడా ఊపిరి బిగబట్టి లాగేది. బాణం సగం దూరంలోనే పచ్చికలో పడిపోయేది. పలక ఎంత దగ్గరున్నా ఆకాశంలోకి గురిపెడితే తప్ప చేరేది కాదు. డాక్టరు చేతులు చూసి ఏ లోపమూ లేదన్నాడు. "మూడు మీటింగులు నడిపే మనిషివి, మరి!" అన్నాడు. ఆ మాటకి వెర్నా విల్లుని మంచం కిందికి తోసేసింది.

ఆగస్టులో కౌంటీ ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. మూతబడ్డ రాగి గని పక్కన నలభై ఎకరాల్లో మూడు సంఘాలూ నలభై ఏళ్లుగా బాణాలేస్తున్నాయి. ఆ లీజు సెప్టెంబరు ఆఖరుకి అయిపోతోంది. ఆ స్థలం చూసుకునే మిస్ టెస్మర్ బల్ల మీద మూడు ఉత్తరాలు పరిచింది. మూడింటి కిందా వెర్నా మాకెలా సంతకమే.

"మిసెస్ మాకెలా, ఒకదాంట్లో గురికి పెట్టిన రబ్బరు జింకలు తీసేయించమంటున్నారు. ఇంకోదాంట్లో ఇంకో ఇరవై పెట్టుకోనివ్వమంటున్నారు. మూడోదాంట్లో కప్పీలున్న విల్లేదీ గేటు దాటి లోపలికి రాకూడదంటున్నారు. వీటిలో మీ మాట ఏది?"

"మూడూ నావేనండీ," అంది వెర్నా.

"కాదనడం లేదు. కానీ కౌంటీ బోర్డు మూడు చెవులతో వినదు. అదే స్థలం కోసం సైకిల్ రేసుల కంపెనీవాళ్లు ఒక్క కాగితంతో వచ్చారు. వాళ్ల వైపు ఒక్కాయనే మాట్లాడతాడు. మీరంతా ఒక సంఘంగా రండి, ఒకే సంతకంతో. ఆఖరి శనివారం దాకా ఆగుతాను. తర్వాత నన్ననకండి."

సెప్టెంబరు మొదటి మంగళవారం మూడు చోట్లా ఒకటే గొడవ.

"వేటగాళ్లతో కలవడమా?" అంది డొలోరెస్ బెర్టోలీ. గురికాళ్ల క్లబ్బు అధ్యక్షురాలు, స్కూల్లో లెక్కలు చెబుతుంది, మాటలు కూడా నల్లబల్ల మీద రాసినట్టే ఉంటాయి. "నా క్లాసుకి ముప్పైమంది ఆడపిల్లలొస్తున్నారు. రేపు పేపర్లో మన సంఘం ఫొటో అని చచ్చిన జింక కొమ్ములు పట్టుకుని రూడీ నవ్వుతుంటే, వాళ్ల అమ్మలు నాకు ఫోన్ చేస్తారు. రూడీకి కాదు." అక్కడి వెర్నా తలూపి రాసుకుంది. ఆ వెర్నా జుట్టు బిగించి ముడేసుకుంటుంది, తప్పు లెక్క చూస్తే ఊరుకోదు.

షెడ్డులో రూడీ బల్ల గుద్దాడు. "మనం రెండొందలమందిమి. వాళ్లు అరవై. వాళ్లని మోసేదేంటి? మొన్న వేట రోజులు తగ్గిస్తామని రాజధానిలో అన్నప్పుడు గురికాళ్లు ఒక్కరన్నా నోరు విప్పారా?"

"మనం వాళ్ల జిమ్ము పోతుంటే విప్పామా?" అందా షెడ్డులో వెర్నా, గట్టిగా నవ్వుతూ. ఆవిడకి అక్కడ నవ్వడం అలవాటు. "ఒక్క గొంతు కావాలి రూడీ. లేకపోతే సైకిళ్లు తొక్కుకో."

కొట్టంలో ఐనార్ చాలాసేపు కర్ర చెక్కుతూనే ఉన్నాడు. ఎనభై రెండేళ్లవాడు. "మేం పదకొండుమందిమి," అన్నాడు చివరికి. "పెద్ద సంఘంలో మమ్మల్ని ముందు వరుసలో కూర్చోబెడతారు. మర్యాదగా వింటారు. తర్వాత ఓట్లు పెడతారు. ఇంక మేం మాట్లాడిందంతా కాఫీ మీద ఆవిరే." అక్కడి వెర్నా ఆ మాటలన్నీ రాసుకుంది. అక్కడ ఆవిడ ఎక్కువగా మాట్లాడదు.

ఆ సాయంత్రం ఎనిమిదింటికి ముగ్గురూ ఇంటికొచ్చారు. ముగ్గురూ కోట్లు తగిలించారు. ముగ్గురూ ముగ్గురిలాగే మిగిలిపోయారు.

బుధవారం పొద్దున్నే వంటింట్లో మాటల యుద్ధం మొదలైంది.

"కాఫీ ఇంత చిక్కగానా? తారు పోశావా?" అంది ముడి వెర్నా.

"తాగకపోతే మానెయ్," అంది నవ్వుల వెర్నా. "రాత్రంతా దుప్పటి నువ్వే లాక్కున్నావు. నీ క్లబ్బులాగే నువ్వూ. పక్కవాళ్ల వాసన పడదు, పక్కవాళ్ల దుప్పటి మాత్రం కావాలి."

"నువ్వు చొక్కా మీద నెత్తురు మరకతో సోఫాలో కూర్చుంటావు, నేను వాసనన్నానా?"

ఐనార్ కొట్టం నుంచి వచ్చిన మూడో వెర్నా యాలకుల రొట్టె మూడు ముక్కలు కోసి మూడు పళ్లాల్లో పెట్టింది. అటుపక్క జోన్ కిటికీలోంచి చూసి, ఇంకో అర డజను గుడ్లు తెచ్చి గడపలో పెట్టి వెళ్లింది.

మూడు వారాలు అలాగే గడిచాయి. ఒక మంచం, ఒక బాత్రూము. కిటికీ తెరిస్తే ఒకరికి చలి, మూస్తే ఒకరికి ఊపిరాడదు. రేడియోలో ఒకరికి వాతావరణం కావాలి, ఒకరికి పాటలు. మెల్లగా పద్ధతులు పడ్డాయి. కాఫీ పల్చగా కాచి, కావలసినవాళ్లు ఇంకో చెంచా పొడి కలుపుకునేవాళ్లు. ఎనిమిదిదాకా కిటికీ మూసి, తర్వాత తెరిచేవాళ్లు. ముగ్గురికీ కుదిరిన పాట వస్తేనే రేడియో. లేకపోతే ఆపేసి, వానచప్పుడు వినడమే.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంటి వెనక ఆవిరిస్నానం గదిలో పైమెట్టు మీద ముగ్గురూ కూర్చున్నారు. నవ్వుల వెర్నాకి లియో జోకొకటి గుర్తొచ్చింది. జింక కోసం చెట్టెక్కి నిద్రపోయి, కిందున్న జింక గురకకి లేచానని చెప్పేవాడు.

"అది చెప్పేటప్పుడు చెయ్యి ఇలా తిప్పేవాడు," అంది మూడో వెర్నా. "చూపుడువేలి మీద ఉలి మచ్చ ఉండేది."

"ఆ మచ్చ నాకు గుర్తు లేదు," అంది నవ్వుల వెర్నా ఆశ్చర్యంగా.

"నాకు జోకు గుర్తు లేదు. మచ్చే గుర్తు."

ముడి వెర్నా మోకాళ్లు దగ్గరికి లాక్కుంది. "నాకు ఆస్పత్రి గుర్తుంది," అంది. "చివరి వారమంతా. మందుల వేళలతో సహా. మీ ఇద్దరికీ గుర్తు లేదా?"

ఇద్దరూ లేదన్నారు. ఆవిడ ఒక్కతే పన్నెండేళ్లుగా దాన్ని మోసింది. ఇద్దరూ చెరో వైపు జరిగి ఆవిడ భుజాలకి ఆనుకుని కూర్చున్నారు. ఆవిడ వారమంతా చెప్పింది, వాళ్లు విన్నారు. చెప్పడం అయ్యేసరికి ముగ్గురికీ లియో గొంతు, పన్నెండేళ్లలో మొదటిసారి, పక్కగదిలోంచి పిలిచినంత స్పష్టంగా తెలిసింది. వేడిరాళ్ల మీద నీళ్లు పోసి, ఆ ఆవిరిలో ముగ్గురూ ఏడ్చారు.

ఆఖరి శనివారం పొద్దున పదింటికి చర్చి కింది హాల్లో మూడు సంఘాలూ కూడాయి. ముగ్గురు వెర్నాలూ కలిసి వచ్చారు. రూడీ ఒకసారి చూసి, సెక్రటరీ బల్ల దగ్గరికి ఇంకో రెండు కుర్చీలు లాగాడు.

గంటన్నర అరుచుకున్నారు. తుపాకీలా మీట నొక్కి వదిలే విల్లు అసలు విల్లేనా అని ఇరవై నిమిషాలు పోయింది. డొలోరెస్ పేపరు ఫొటో సంగతి ఎత్తింది. రూడీ తలలు లెక్కపెట్టమన్నాడు. ఐనార్ టోపీ తలకి పెట్టుకున్నాడు, వెళ్లిపోడానికే. అప్పుడు మూడో వెర్నా లేచింది. ఆవిడ గొంతు కర్రవిల్లు మిత్రులు తప్ప ఎవరూ విని ఉండరు.

"మేం ముగ్గురం మూడు వారాలుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం," అంది. "ఒకరినొకరు మార్చుకోవాలని చూశాం, కుదర్లేదు. మీరూ మారొద్దు. పేర్లు ఎవరివి వాళ్లకుండనీ, మంగళవారాలూ ఉండనీ. పైన ఒక సభ పెట్టుకుందాం. సంఘానికి ఇద్దరు. రెండొందలమందికీ ఇద్దరే, పదకొండుమందికీ ఇద్దరే. బయటివాళ్లతో మాట్లాడేది ఆ సభే. మూడు సంఘాలూ ఒప్పుకున్న మాటే పైకి పోవాలి."

"ఒప్పుకోకపోతే?" అంది డొలోరెస్.

"నోరు మూసుకుందాం. మూడు ఉత్తరాలు రాసి ఒకదాన్నొకటి చెడగొట్టుకోవడం కంటే నయం కాదూ?"

"మరి జింకలు?"

"రబ్బరువి వాగు అవతలికి తీసుకుపోతాం," అంది నవ్వుల వెర్నా. "అసలువి మేం చెప్పినా వినవు." హాలంతా నవ్వింది.

"ఆదివారాలు పిల్లలకి," అంది ముడి వెర్నా. "ఆ రోజు వేట ఫొటోలు గేటు బయట. రాసుకోండి."

రూడీ మెడ రుద్దుకున్నాడు. "రెండొందలకీ ఇద్దరేనా?" అన్నాడు. ఐనార్ వైపు చూశాడు. ఆ ముసలాయన చెక్కిన విల్లుతోనే చిన్నప్పుడు బాణమెయ్యడం నేర్చుకున్నాడు. "సరే. ఆ పెద్దాయన టోపీ తీసి కింద పెడితే, నాకు సరే."

ఐనార్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

చేతులెత్తారు. మూడు సంఘాల్లోనూ ఎక్కువ చేతులే లేచాయి. అందరివీ కాదు. డొలోరెస్ కౌంటీకి పంపాల్సిన కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది. ముగ్గురు వెర్నాలూ ఒకేసారి కలానికి చెయ్యి చాచారు. కలం ఎత్తింది ఒక్క చెయ్యి. సంతకం ఒకటే పడింది. రూడీ ఖాళీ అయిన రెండు కుర్చీలూ తీసి గోడకి చేరవేశాడు.

"ఇంక సభకి సెక్రటరీ," అంది డొలోరెస్. "వెర్నా ఎలాగూ ఉంది కాబట్టి..."

"ఉండను," అంది వెర్నా.

ఆ మాట ఆవిడ నోట అంతకు ముందెవరూ వినలేదు.

"ఏమన్నావ్?" అన్నాడు రూడీ.

"ఉండనన్నాను. పన్నెండేళ్లు మీరన్నవన్నీ రాశాను. మంగళవారం సాయంత్రాలు నాకు కావాలి. కావలిస్తే డొలోరెస్ రాస్తుంది."

"నా చేతిరాత పిల్లలే చదవలేరు!" అంది డొలోరెస్.

"మరీ మంచిది. ఎవరేమన్నారో తర్వాత తగాదా ఉండదు."

కాగితం మిస్ టెస్మర్‌కి పంపి, మధ్యాహ్నం పాస్టీలు తిని అందరూ గని పక్క స్థలానికి నడిచారు, వాగు అవతల జింకల్ని ఎక్కడ పెట్టాలో చూడ్డానికి. వెర్నా ఐనార్ చేతిలోని విల్లు అడిగి తీసుకుంది. ఎన్ని పౌండ్లో ఆవిడ అడగలేదు, ఆయన చెప్పలేదు. నారి లాగింది. భుజం వెనక్కి మెత్తగా వెళ్లింది, చెంప దాకా, ఎక్కడా ఆగకుండా. అలవాటు కొద్దీ ఆకాశం వైపు గురిపెట్టి వదిలింది.

బాణం పలక మీంచి, మట్టిగట్టు మీంచి, దాని వెనకాల ముళ్లకంచె మీంచి పోయి, పసుపు తిరిగిన బిర్చి చెట్లలో మాయమైంది.

"దేవుడా!" అన్నాడు రూడీ. "కెనడా వెళ్లిందది."

వెర్నా విల్లు ఐనార్‌కిచ్చి కంచె కింది నుంచి దూరింది. వెనకే రూడీ, ఆయన వెనక స్కర్టు ఎత్తిపట్టుకుని డొలోరెస్, ఇంక మిగిలిన అందరూ. రాలిన ఆకుల్లో అరవై డెబ్భైమంది వరసగా మోకాళ్ల మీద చేతులతో తడుముకుంటూ వెతికారు. ఎవరికో పాత అల్యూమినియం బాణం దొరికింది, ఇంకెవరికో తుప్పుపట్టిన ములికి. అవి ఎవరివని తగువు మొదలైంది.

"నీది దొరక్కపోతే పోనీలే వెర్నా," అంది డొలోరెస్ ఆయాసపడుతూ. "ఇంకోటి వేసుకో."

"వేస్తాను," అంది వెర్నా, ఆకులు పక్కకి నెడుతూ. "ఇదేమో నేను మళ్లీ ఒక్కదాన్నయ్యాక వేసిన మొదటి బాణం. ఇంకాస్త చూద్దాం."

వాళ్లు ఇంకాస్త చూశారు.